నోటితో చెప్పేది ఊరికి

వాడు పోయాడని కాలేజీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే నమ్మలేదు. "మళ్ళీ ఏం ఎత్తు వేశాడో" అనుకుని ఫోను బల్ల మీద బోర్లించి మీటింగుకి వెళ్ళిపోయాను. వాడి సంగతిలో నాకు అలవాటైన పద్ధతే అది. వాడు ఏం చెప్పినా, వాడి గురించి ఎవరేం చెప్పినా, ముందు అబద్ధమనుకోవాలి. నిజమైతే అదే తీరిగ్గా తేలుతుంది.

మధ్యాహ్నానికి దండ వేసిన ఫొటో వచ్చింది. దానికింద వివరం. నార్సింగి దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు. పొద్దున ఆఫీసు క్యాబ్ అవతలి వైపు ఆగి ఉంది. వాడు రోడ్డు దాటుతుంటే రాంగ్ రూట్లో వచ్చిన టిప్పర్ కొట్టేసింది. అక్కడికక్కడే.

అప్పుడు నమ్మాను. నమ్మిన తర్వాత గ్రూపులో మిగతా మెసేజులు చదివాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండి ఉంటాయని ఒకడు. వాళ్ళ కంపెనీలో జనాన్ని తీసేస్తున్నారట, వీడి పేరు కూడా ఉందేమో అని ఇంకొకడు. మూడోవాడు ఏమీ రాయకుండా చుక్కలు పెట్టాడు. ఆ చుక్కలు చూసి నాకు ఒళ్ళు మండింది. టిప్పర్ అంత పెద్దది ఎదురుగా వస్తుంటే కళ్ళున్నవాడు ఎలా చూడకుండా ఉంటాడు, కావాలనే పోయాడు అని వాడి భావం. నోటితో అనే ధైర్యం లేక చుక్కలు.

అనుమానపడటంలో నేనేం తక్కువవాణ్ణి కాదు. మాది గుంటూరు. మా నాన్నగారిది ఆడిట్ శాఖలో ఉద్యోగం. మణికొండలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డాక కూడా కూరగాయల బండి దగ్గర తక్కెడ ముల్లుని వంగి చూసేవారు. మా ఇంట్లో పాలు కాచే ముందు వాసన చూస్తాం. చుట్టాలొస్తే ఎందుకొచ్చారా అని చూస్తాం. అలాంటి ఇంట్లో పుట్టిన నన్ను కూడా వాడు అనుమానంలో ఓడించాడు. అందుకే మా స్నేహం కుదిరిందేమో.

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఒక విచిత్రమైన ఆట ఆడేవాళ్ళం. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది, విసిరేది ఎక్కువ. పేరులోనే మోసం ఉందని నాకు మొదటిరోజే అనిపించింది. రెండు చివర్లూ మొనదేలిన గోధుమరంగు బంతిని చూసి కాలేజీ వాచ్‌మన్ "కొబ్బరికాయ" అనేవాడు. మేం ఆడేది అందులో మెత్తటి రకం. నడుముకి కట్టుకున్న గుడ్డపట్టీని అవతలివాడు లాగేస్తే ఆగిపోవాలి. మీదపడి కుమ్మడం లేదు కాబట్టి తలకి టోపీలూ లేవు, ఒంటికి కవచాలూ లేవు. గుద్దుకోకూడదని నియమం ఉంది గానీ, పరిగెత్తే కుర్రాళ్ళ మోచేతులకి నియమాలు తెలియవు.

ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి వాడి చేతికి వస్తుంది. వాడు మైదానమంతా ఒక్క చూపులో చదివి, ఎవరు ఖాళీగా ఉన్నారో వాళ్ళకి విసరాలి. మా కాలేజీకి వాడే క్వార్టర్‌బ్యాక్. మా బ్రాంచికి టాపర్ కూడా వాడే. ఈ రెండూ ఒకడే ఎలా అవుతాడన్నది నాలుగేళ్ళూ ఎవరికీ మింగుడుపడలేదు.

నా పని బంతిని వాడికి అందించడం. ముందుకు వంగి, బంతిని నేలకానించి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి ఇస్తాను. ఇచ్చేముందు తల వంచి వాడి చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటాను. అంటే నాలుగేళ్ళపాటు వాణ్ణి నేను తలకిందులుగా చూశాను. ముఖం కనిపించేది కాదు. చేతులే కనిపించేవి. పొడుగాటి వేళ్ళు, కుడి బొటనవేలి గోరు సగం నల్లబడి ఉండేది. బంతి ఇచ్చేశాక చటుక్కున లేచి వాడి ఎడమ పక్కకి పోయి నిలబడాలి. కుడిచేత్తో విసిరేవాడు పక్కకి తిరిగి నిలబడతాడు కాబట్టి ఎడమవైపు వాడికి వీపు వైపవుతుంది. అటు నుంచి వచ్చేవాణ్ణి వాడు చూడలేడు. అది నేను చూడాలి.

మొదటివారమే వాడు జట్టుని గుండ్రంగా నిలబెట్టి ఒక మాట చెప్పాడు.

"ఇనుండ్రి. గ్రౌండుల నేను నోటితోని ఏం చెప్పినా నమ్మకుండ్రి. నోటితోని చెప్పేది ఊరికి. చేతితోని చెప్పేదే మనకు."

అన్నట్టే చేశాడు. బంతి అందుకునే ముందు గొంతు చించుకుని ఏదో ఒకటి అరిచేవాడు. "రెండు చాయ్, ఒక సమోసా!" అనేవాడు. "కుడి దిక్కు, కుడి దిక్కు!" అనేవాడు. అవతలి జట్టు కుడివైపు కదిలేది. వాడి వేళ్ళు మాత్రం నడుము దగ్గర మెల్లగా వేరే సంగతి చెప్పేవి. ఒకసారి "అరే ఆగుండ్రి, నా బూటు ఊడింది" అని కిందికి వంగాడు. అవతలివాళ్ళు చేతులు దించారు. ఆ క్షణంలోనే బంతి అందుకుని మైదానం చివరిదాకా విసిరాడు. గెలిచాం. అవతలివాళ్ళ కెప్టెన్ రిఫరీ దగ్గరికి పోయి "సార్, వీడు అబద్ధాలు చెప్తున్నాడు సార్" అని ఫిర్యాదు చేశాడు. అబద్ధం చెప్పకూడదని రూల్ ఎక్కడుందో రిఫరీకీ తెలియదు. ఆయన మా కాలేజీ పీఈటీయే, యూట్యూబ్ చూసి నేర్చుకుని వచ్చాడు.

చదువులోనూ ఇదే వరస. తెలుగువాళ్ళ ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు కదా, పరీక్ష హాలు బయట "ఏం చదవలేదురా" అంటూ తిరిగేవాడు. మా క్లాసులో అది వీడు. "పుస్తకం ముట్టలే మామా, ఇగ నా పని ఖతం" అని తల పట్టుకునేవాడు. మొదటి సెమిస్టర్లో నేను జాలిపడి సమోసా కూడా కొనిపెట్టాను. ఫలితాలొచ్చాక ఆ సమోసా తలుచుకుని వారం రోజులు కుమిలిపోయాను.

ఎలా చదువుతావురా అని అడిగితే ఒక్కసారి మాత్రం చెప్పాడు. "ప్రశ్న చదువుడు కాదు మామా. పేపర్ తయారుచేసినోడు ఏం దాస్తుండో చూడాలె. మనిషి దేన్ని దాస్తడో ఆడనే ఉంటది అసలు సంగతి." మైదానంలో అవతలి జట్టునీ అలాగే చదివేవాడు. ప్రపంచమంతా ఏదో దాస్తోందన్నదే వాడి సిద్ధాంతం. ప్రపంచం దాచేటప్పుడు తను మాత్రం ఎందుకు తెరిచిపెట్టుకోవాలి?

మా లెక్చరర్లు మాత్రం ఊరుకున్నారా? ఆటగాడికి అన్ని మార్కులెలా వస్తాయని వాళ్ళ బాధ. మూడో ఏడాది పరీక్షలో ఇన్విజిలేటర్ వాడి ఎడమ మణికట్టు చూశాడు. అక్కడ ఒక పట్టీ ఉంది. దాని మీద గుండ్రాలు, బాణాలు, గీతలు. ఎత్తుగడలు మరిచిపోకుండా క్వార్టర్‌బ్యాక్‌లు కట్టుకునే పట్టీ అది. పొద్దున ప్రాక్టీసు నుంచి తిన్నగా వచ్చి విప్పడం మరిచాడు. స్లిప్పు దొరికిందని హాలంతా గోల. హెచ్ఓడీ గారు వచ్చి ఆ పట్టీని కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు.

"ఏ సబ్జెక్టయ్యా ఇది?"

"సబ్జెక్టు కాదు సార్, ఆట."

"ఇందులో ఎలక్ట్రికల్ సర్క్యూట్ కనిపిస్తోంది నాకు."

"అది నేను సార్." వాడు ఒక గుండ్రాన్ని తాకి, పక్కదాన్ని తాకుతూ నన్ను చూపించి, "ఈ గుండ్రం వీడు సార్. గీ బాణం బంతి" అన్నాడు.

హాలంతా నన్ను చూసింది. నేను పరీక్ష రాస్తున్న గుండ్రంలా తల దించుకున్నాను. చివరికి వాణ్ణి స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చోబెట్టి, వేరే పేపరిచ్చి రాయించారు. దాంట్లోనూ వాడే ఫస్టు. అయినా హెచ్ఓడీ గారికి అనుమానం తీరలేదు. "ఎక్కడో ఏదో ఉందయ్యా" అన్నారు నాతో, నేనేదో చెప్పేస్తానని. తర్వాత వాణ్ణి పిలిచి, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు, ఎప్పుడో మునుగుతావు" అన్నారు. వాడు వినయంగా, "మునిగినప్పుడు మీకే మొదలు చెప్త సార్" అన్నాడు.

ఆ మాట వెటకారమే అయినా వాడి భయం అందులోనే ఉందని ఇప్పుడనిపిస్తుంది. అందరూ వాడు మునగడం కోసం ఎదురుచూస్తున్నారు. ఆట వీడి చదువుని ముంచుతుందని లెక్చరర్లు, చదువు ఆటని ముంచుతుందని జట్టు. ఇంట్లో వాళ్ళమ్మ ఒక షరతు పెట్టిందట. మార్కులు తగ్గితే ఆట బంద్, ఒంటికి దెబ్బ తాకితే రెండూ బంద్, బర్రెల దగ్గర కూర్చోవాలె అని. వాళ్ళది నార్సింగి సొంత ఊరే. అపార్టుమెంట్లు లేవకముందు నుంచీ ఆవిడ పాలు అమ్మేది. ఈ సంగతి కూడా వాడు చెప్పిందే కాబట్టి ఎంత నిజమో నాకు తెలియదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వాడు ఎవర్నీ ఇంటికి పిలవలేదు.

ఇక ఫైనల్ సంగతి.

ఆఖరి సెమిస్టర్. సోమవారం నుంచి పరీక్షలు, శనివారం మ్యాచ్. గచ్చిబౌలి వైపు ఇంకో కాలేజీ గ్రౌండు. జనం బాగానే వచ్చారు, సగం మంది ఆట అర్థంకాక ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. ఆట చివరికొచ్చేసరికి మేం కొద్దిగా వెనకబడి ఉన్నాం. ఒక్క బంతి సరిగ్గా పడితే గెలుపు మాదే. అలాంటప్పుడు వాడు బంతి తీసుకుని తనే పరిగెత్తాడు. పట్టీ లాగబోయినవాడి మోచెయ్యి వచ్చి వాడి ఎడమ కంటి పక్కన తగిలింది. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. పడ్డాడు. లేచాడు. నవ్వాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆఖరి బంతి. నేను వంగాను. వెనక నుంచి వాడి గొంతు వినిపించింది.

"మామా, జర ఆగు. నాకు ఎడమ దిక్కు ఏం కనవడ్తలేదు."

అవతలి జట్టు పకపకా నవ్వింది. "మళ్ళ షురూ చేసిండురో" అని ఒకడు అరిచాడు. మావాళ్ళూ ముసిముసిగా నవ్వుకుంటూ సర్దుకున్నారు. వాడు నోటితో ఎడమ అన్నాడంటే ఏదో గొప్ప ఎత్తు వేశాడన్నమాట.

నేను తల వంచి వాడి చేతులు చూశాను. వేళ్ళు ఏ సంగతీ చెప్పడం లేదు. అరచేతులు తెరుచుకునే ఉన్నాయి గానీ ఉండాల్సిన చోట లేవు. నాకు సూటిగా ఉండాల్సినవి జానెడు కుడికి జరిగి ఉన్నాయి. వాడి నోటిని నేను ఎప్పుడూ నమ్మలేదు. చేతుల్ని ఎప్పుడూ అనుమానించలేదు.

బంతి పట్టుకుని లేచి నిలబడిపోయాను. రిఫరీ విజిల్ వేశాడు. టైమైపోయింది. ఓడిపోయాం.

జట్టంతా నా మీద పడింది. "ఎందుకు లేచినవ్ బే?" అని ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. "వాడికి కనిపించట్లేదురా, నిజంగానే కనిపించట్లేదు" అన్నాను. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఎడమ కణత వాచిపోయింది. తువ్వాలు తీసి అందరినీ ఒకసారి చూశాడు. గేటు దగ్గర మా హెచ్ఓడీ గారు కూడా నిలబడి ఉన్నారు.

"అరే, ఊకెనే అన్న. అంతమందిల వీడొక్కడే నమ్మిండు" అన్నాడు.

ఆ మాటతో ఫైనల్ ఓడగొట్టినవాణ్ణి నేనైపోయాను. కాలేజీ అయిపోయేదాకా నన్ను చూస్తే చాలు, ఎవడో ఒకడు లేచి నిలబడి "నాకేం కనవడ్తలేదు" అనేవాడు. అది నాకు ఎంత కోపం తెప్పించిందో చెప్పలేను. పరీక్షలయ్యాక వాణ్ణి ఒంటరిగా పట్టుకుని అడిగాను. "నిజం చెప్పు. ఆ రోజు కనిపించిందా లేదా?" వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ చేయకు మామా, గదంత ఇప్పుడెందుకు" అన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

ఆ సెమిస్టర్‌లో కూడా వాడే ఫస్టు. గోల్డ్ మెడల్ కూడా వచ్చింది. మళ్ళీ బంతి మాత్రం ముట్టలేదు. జట్టువాళ్ళు "చూశావా, చదువు ముంచింది" అన్నారు. లెక్చరర్లు "బుద్ధొచ్చింది" అన్నారు. వాడు రెండింటికీ తలూపాడు.

ఉద్యోగాలొచ్చాక అప్పుడప్పుడు కలిసేవాళ్ళం. వాడి ఆఫీసు రాయదుర్గంలో, నాది గచ్చిబౌలిలో. మధ్యలో ఒక హోటల్లో ఇరానీ చాయ్. కోపం పూర్తిగా పోలేదు గానీ, వాడు లేకపోతే సగం అనుమానాలు ఎవరితో పంచుకోవాలో తెలిసేది కాదు. కంపెనీ వాళ్ళు ఉచితంగా భోజనం ఎందుకు పెడుతున్నారు, మేనేజర్ ఎందుకు నవ్వాడు, ఇవే మా కబుర్లు. వాడు ఎప్పుడూ గోడని ఎడమవైపు పెట్టుకునే కూర్చునేవాడు. ఆ కుర్చీలో ఎవరైనా ఉంటే నిలబడి ఎదురుచూసేవాడు. ఫుట్‌పాత్ మీద నడిచేటప్పుడు నన్ను తన ఎడమపక్కకి లాక్కునేవాడు. ఎవరైనా ఆ వైపు నుంచి పలకరిస్తే ఉలిక్కిపడి ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. దొంగ వెధవ, ఎవర్నీ నమ్మడు, చాయ్ తాగుతూ కూడా వెనక నుంచి ఎవడొస్తాడా అని చూస్తాడు అనుకునేవాణ్ణి. అంతకంటే ఆలోచించలేదు. వాణ్ణి అనుమానించడం ఎంత అలవాటైందంటే, అసలు అనుమానించాల్సింది దేన్నో తోచలేదు.

కంటిని డాక్టరుకి చూపించుకున్నాడో లేదో నాకు తెలియదు. ఎందుకు దాచాడో మాత్రం ఊహించగలను. సోమవారం పరీక్ష ఉంది, తర్వాత ఇంటర్వ్యూలు, తర్వాత ఉద్యోగం. ప్రతిదాని గుమ్మంలోనూ వాడు మునగడం చూడ్డానికి ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. ఒక్కరోజు దాచుదామనుకున్నది దాచడమే బతుకైపోయి ఉంటుంది.

దినాల రోజు నార్సింగి వెళ్ళాను. మొదటిసారి వాళ్ళ ఇల్లు చూశాను. చుట్టూ టవర్లు, మధ్యలో పాత సందు, సందు చివర రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తు కిరాయికిచ్చారు. సందులో షామియానా వేసి వడ్డిస్తున్నారు. నేను కూర్చున్న బంతిలో నా పక్కన ఇద్దరు మనుషులు, వాళ్ళ వీధివాళ్ళే అనుకుంటాను, తింటూ మాట్లాడుకుంటున్నారు.

"పొద్దుగాల్నే తాగి ఉన్నడంటవా?"

"తాగుడు అలవాటు లేదే వానికి. కొలువు పోయిందట. కావాలనే పోయి అడ్డం నిలవడ్డడని ఆఫీసోళ్ళు అనుకుంటున్నరట."

"అయ్యో. తల్లికి తెలుసా?"

"తెల్వకేం. గదే అడుగుతుంది అందరిని."

సగం తిన్న విస్తరి వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళాను.

ముందు గదిలో గోడవారన వాడి ఫొటో. ఫొటో ముందు విస్తరి. వాడికి ఇష్టమైనవన్నీ వడ్డించి పెట్టారు, మాంసం కూర, సర్వపిండి, పెరుగు. పక్కన స్టీలు గ్లాసుతో నీళ్ళు. వాళ్ళమ్మ నేల మీద కూర్చుని ఉంది. బక్కపల్చటి మనిషి. చూపు మాత్రం తక్కెడ ముల్లులా నా మీదే నిలబడింది.

"నువ్వెవరు బిడ్డా? ఆఫీసోనివా?"

"కాదమ్మా. కాలేజీలో వాడితో కలిసి ఆడేవాణ్ణండి. బంతి అందించేవాణ్ణి."

"దోస్తువా?"

అవునన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది.

"అయితే నువ్వు చెప్పు. నాతోని అబద్ధం చెప్పకు. వాడు కావాలనే పోయిండా? అంత పెద్ద బండి ఎదురుంగ వస్తుంటే కనవడదా? అందరు నాకు ఒకటి చెప్తున్నరు, అటు పోయి ఇంకోటి చెప్పుకుంటున్నరు. నీకేమన్న చెప్పిండా?"

నా దగ్గరున్నది ఏమిటి? వాడే అబద్ధమని కొట్టిపారేసిన ఒక మాట. నేను తలకిందులుగా చూసిన రెండు చేతులు. అయినా అడిగాను. ఆ ఇంట్లో ఆ రోజు అడగాల్సిన ప్రశ్న కాదు గానీ అడిగాను.

"టిప్పర్ ఏ పక్క నుంచి వచ్చిందమ్మా?"

"రాంగ్ రూట్ల. ఎడమ దిక్కు నుంచి."

చెప్పేశాను. ఫైనల్ సంగతి, మోచేతి దెబ్బ, ఎడమ దిక్కు కనవడ్తలేదన్న మాట, ఎవరూ నమ్మకపోవడం, వాడే కాదనడం, అన్నీ. "వాడు కావాలని పోలేదమ్మా. ఆ పక్క వాడికి కనిపించేది కాదు. అంతే" అన్నాను. నా గొంతు నాకే వాదిస్తున్నట్టు వినిపించింది.

ఆవిడ చెయ్యి వదిలేసింది.

"గంత మాట నాకు చెప్పకుండ ఉంటడా?" అంది. "తొమ్మిది నెలలు మోసిన. నాకు తెల్వకపోవునా? నా మనసు కుదుటపడాలని చెప్తున్నవు బిడ్డా నువ్వు. మంచిగనే చెప్తున్నవు."

మైదానంలో ఒకసారి ఇదే నిజం చెబితే మీదపడ్డారు, ఇక్కడ జాలిపడ్డారు. రెండుసార్లూ నా దగ్గర రుజువు లేదు. లేవబోయాను.

ఆవిడ మాత్రం ఫొటో ముందు విస్తరినే చూస్తూ ఉంది. గ్లాసుని ఎవరో విస్తరికి ఎడమ పక్కన పెట్టారు. ఆవిడ చెయ్యి చాచి, అలవాటుగా, చూసుకోకుండానే ఆ గ్లాసుని తీసి కుడిపక్కన పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎడమ దిక్కు పెడితే ఒల్కపోస్తడు" అంది, తనలో తను.

బయట ఎవరో ఇంకో బంతికి రమ్మని పిలుస్తున్నారు.

"ఎన్నాళ్ళ సంది ఒల్కపోస్తుండె" అంది, నన్ను కాదు, ఫొటోని చూస్తూ. "నీళ్ళు, చాయ్, ఏది పెట్టినా చెయ్యి తాకి పడిపోతుండె. ఒక్కనాడన్న ఎందుకో చెప్పలే. కండ్లు నెత్తికెక్కినయారా అని రోజూ తిడ్తుంటి బిడ్డా. రోజూ తిడ్తుంటి."